ఒక వంటయిల్లు - నాలుగు దేశములు

వేయి సిగలైన నొకచోట నిముడును గాని రెండు కొప్పు లొకచోట నిముడవని మనలో నొక సామెత గలదు. తోడికోడండ్రను, వదినా మఱదండ్రను జూచి యెవరో పురుషుడు కల్పించిన మాట యిది కాబోలును. ఒకే భాష మాటలాడుచు, ఒకే రుచులు మరగి, ఒకే పండుగలు చేసికొనువారి విషయముననే యీ సామెత పుట్టినప్పుడు, నాలుగు దేశములనుండి వచ్చి నాలుగు తీరుల వంటలు వండుకొను నలుగురు యువతులు పరాయిదేశమున నొక్క వాటాలో, ఒక్క పొయ్యిచుట్టు రెండేండ్లు కాపురముండవలసివచ్చినచో నేమగును? మే మట్లుంటిమి.

నేడు మన తెలుగునాటినుండి పెక్కుమంది బిడ్డలు చదువుకొఱకు సముద్రములు దాటుచున్నారు. వారి తల్లులు మమ్ము దఱచుగా నడుగు ప్రశ్నలు రెండు: "అచ్చట వంట యెట్లు? తోడుండువా రెటువంటివారు?" ఈ రెండింటికిని మా యనుభవమునే సమాధానముగా జెప్పదలచితిమి. మేము చేసిన తప్పులను గూడ దాచక చెప్పెదము. ఏలయన మేము నేర్చుకొన్నదానిలో నెక్కువపాలు వానివలననే నేర్చుకొంటిమి.

వాటా దొరకిన విధము

మేము చదువబోయిన యూరు జర్మనీదేశపు పడమటి కొసనున్న ఆఖెన్ నగరము. ఊరి వెలుపలనున్న యొక గుట్టమీద జర్మనీ, బెల్జియము, నెదర్లాండ్సు - ఈ మూడు దేశముల పొలిమేరలు నొక్క రాతికడ గలియును. ఊరినడుమ వేడినీటి బుగ్గలున్నవి. దగ్గరకు బోయినచో ఆ నీటి గంధకపు వాసన ముక్కునకు దగులును. పూర్వము షార్లమేను చక్రవర్తి కట్టించిన ప్రార్థనామందిర మచ్చటి ప్రధాన దేవాలయములో నేటికిని నిలిచియున్నది. 1978లో యునెస్కోవారు ప్రకటించిన ప్రపంచ వారసత్వస్థలముల మొదటి పట్టికలోనే యా దేవాలయము చేరినది. 1870లో స్థాపింపబడిన సాంకేతిక విశ్వవిద్యాలయ మీ నగరముననే యుండుటచేత దేశదేశముల విద్యార్థు లిచ్చటికి వచ్చుచుందురు.

ఆ దేశపు ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పెక్కింట బోధనకై రుసుము గైకొనరు. ఆఱునెలల కొకమారు కొద్దిపాటి చందా చెల్లించిన జాలును. బాడెన్-వుర్టెంబర్గు రాష్ట్రమువారు మాత్రము 2017 నుండి యూరపు సమాఖ్యకు వెలుపలినుండి వచ్చిన విద్యార్థులవద్ద ఆఱునెలలకు 1500 యూరోలు గైకొనుచున్నారు. చదువు చవుకయే గాని తలదాచుకొనుటకు చోటు దొరకుట కష్టము. విద్యార్థి వసతిగృహములలో గదికొఱకు నెలల తరబడి వేచియుండవలెను. అందుచేత కొందఱు విద్యార్థులు చేరి యొక వాటాను అద్దెకు గైకొని, తలకొక గది పంచుకొని, వంటయిల్లును స్నానపుగదియు నుమ్మడిగా వాడుకొందురు. జర్మను భాషలో దీనిని 'వోన్‌గెమైన్‌షాఫ్ట్' అందురు. నోరు తిరుగని యా మాటను వారును 'వే-గే' యని కుదించియే పలుకుదురు. 1967లో బెర్లిను నగరమున కొందఱు యువతీయువకు లిట్లొక్కచోట జేరి కాపురముండగా దేశమంతట గగ్గోలు పుట్టినది. ఆనాడు వింతయైన యా పద్ధతి నేడు విద్యార్థులలో సర్వసామాన్యమైపోయినది.

ఇట్టి వాటాలో గది చూడబోవుట మన పెండ్లిచూపులకు దీసిపోదు. ఉన్నవారందఱు వంటయింట గూర్చుండి, వచ్చిన యామెకు తేనీరిచ్చి, ప్రశ్నలు మొదలుపెట్టుదురు. ఎన్నింటికి నిద్ర లేతువు? పొగ త్రాగుదువా? తిన్న గిన్నె యప్పుడే కడుగుదువా, మఱునాటికి విడుతువా? ఇంటికి చుట్టములు తఱచుగా వత్తురా? అన్నింటికి వినయముగా జవాబు చెప్పి వచ్చిన తరువాత, "వేఱొకరిని నిశ్చయించుకొంటిమి" అని కబురు వచ్చును. మమ్మట్లు ఐదుచోట్ల వలదనిరి. మఱికొన్నిచోట్ల మా పేరు చూచియే జవా బియ్యరైరి. ఆ బాధ యెట్టిదో మాకు తెలియును. ఈ మాటను పాఠకురాండ్రు గుర్తుంచుకొనవలెను, ముందు దీనితో బనియున్నది. ఆఱవచోట మమ్ము రమ్మనిరి.

ఆ వాటాలో మాతో గలిసి నలుగురము. ఒకతె ఉత్తర జర్మనీలోని పల్లెటూరినుండి వాస్తుశిల్పము చదువవచ్చినది. ఇంకొకతె యిరానుదేశపు షిరాజునగరముది, రసాయనశాస్త్రము చదువుచుండెను. మూడవయామె నైజీరియాలోని ఇబాదాను నగరమునుండి వచ్చి, నీటి సరఫరా విద్య నభ్యసించుచుండెను. వారి పేర్లు పత్రికకెక్కించుట మర్యాద గాదు గనుక జర్మను చెలి, ఇరాను చెలి, నైజీరియా చెలి యనియే చెప్పెదము.

మొదటి దినములు

జర్మను చెలికి మాటలాడుటకంటె చీటీలు వ్రాయుటయం దెక్కువ ప్రీతి. "స్నానపు తొట్టిలో వెండ్రుకలు తీయవలెను", "పాలసీసా మూత సరిగా బిగింపబడలేదు" - ఇట్లు తెల్లవారునప్పటికి గోడమీద నొకటి కనబడుచుండెను. మొదట మాకు దుఃఖము వచ్చెడిది. మన యిండ్లలో నెవరికైన గోపము వచ్చినచో గిన్నెలు చప్పుడు చేయుదురు గాని చీటీ వ్రాయరు గదా! ఆ దేశమువారికి చీటీ వ్రాయుట కోపము గాదనియు, ముఖముమీద చెప్పి నొప్పించుటకంటె మేలని తలంతురనియు మెల్లగా దెలిసికొంటిమి.

గోడమీద నొక చక్రము గీచిన కాగితముండెను. వారమునకొకమారు దానిని త్రిప్పినచో వంటయిల్లెవరిది, నడవ యెవరిది, మరుగుదొడ్డి యెవరిది, చెత్త యెవరిది యని తేలును. రెండవవారము మాకు మరుగుదొడ్డి వచ్చినది. మా చేతులతో నా పని చేయుట మా జన్మమున నదియే మొదలు. మా యింట నా పనికై యొక యామె పదునాలుగేండ్లు వచ్చినది. బ్రష్షు చేతబట్టుకొని నిలుచుండగా, ఆమె యసలు పేరేమో మాకు దెలియదను సంగతి యప్పుడు గుర్తునకు వచ్చి సిగ్గుపడితిమి.

చెత్త యొక శాస్త్రమే. డబ్బాలు, రేకులు, ప్లాస్టికు సంచులు పసుపుపచ్చ తొట్టిలోనికి, కాగితములు నీలపు తొట్టిలోనికి, కూరగాయల తొక్కలు వేఱొకదానిలోనికి, తక్కినది మఱొకదానిలోనికి. గాజుసీసాలను వీధిచివరనున్న పెట్టెలలో తెలుపు, పచ్చ, గోధుమరంగు వేఱుచేసి వేయవలెను. ఆదివారమునాడు చప్పుడగును గనుక వేయరాదు. నీళ్లసీసాలు కొన్నప్పుడు సీసా కొకటికి 25 సెంట్లు ధరావతు గైకొని, ఖాళీసీసా తిరిగి యిచ్చినప్పు డది యిచ్చివేయుదురు. రాత్రి పదిగంటలు మొదలు తెల్లవాఱు నాఱుగంటలవఱకు నెవరును సందడి చేయరాదు. ఆదివారము దుకాణములు మూసియుండును. శనివారముననే కూరలు తెచ్చుకొననివారి యాదివారము అటుకులతో గడచును.

గాలి సంగతి మఱియొకటి. చలికి తలుపులు బిగించి లోపల నన్నము, పప్పు ఉడికించినచో ఆవిరి గోడలకు బట్టి బూజు పుట్టును. అందుచే గడ్డకట్టు చలిలోనైనను దినమునకు రెండుమూడుసారులు కిటికీలు బార్లా తెఱచి యైదేసి నిముషములు గాలి మార్పవలెను. మొదట దీనిని మేము జర్మనుల చాదస్తమని నవ్వితిమి. రెండేండ్ల తరువాత ధరావతు సొమ్ములో గోత పడినప్పుడు నవ్వు పోయినది.

మేము మొదటిసారి పోపు వేసిననాడు మిరపకాయల ఘాటునకు నడవలోని పొగగంట మ్రోగి, క్రిందివాటా ముసలాయన పరుగెత్తుకొని వచ్చెను. కుక్కరు కూతకు ఇరాను చెలి బల్లక్రింద దూరెను. ఆమె యెందుకట్లు దూరినదో నవ్వుచు నడిగితిమి, ఆమె నవ్వలేదు. మేము మఱల నడుగలేదు.

మర్యాదల విషయమున గూడ చిక్కులు కలిగెను. ఒకనాటి రాత్రి జర్మను చెలి రొట్టెయు జున్నును బల్లపై బెట్టి "తినెదవా?" యనెను. మన యాచారముచొప్పున "వద్దులే" యంటిమి, మఱల నడుగునని. ఆమె మఱల నడుగలేదు, పళ్లెము తీసివేసెను. ఆకలితో బండుకొంటిమి. ఇరాను చెలియు అదే దినమున అట్లే పండుకొన్నదని పిమ్మట దెలిసినది. వారి దేశమున గూడ మూడుసారులు వద్దని, నాలుగవసారి గైకొనుట మర్యాద; దానికి 'తారుఫ్' అని పేరు. జర్మను చెలికి మాత్రము వద్దన్న వద్దనియే యర్థము.

వంటయింటి చుట్టఱికములు

కాపురము నడచినకొలది మాకు దెలియని చుట్టఱికములు బయటపడసాగెను. ఇరాను చెలి యన్నము వండి, గిన్నె యడుగున బంగారురంగున మాడిన పొరను పగులకుండ దీసి, మొదట మాకు బెట్టెను. దానిని వారు 'తహదీగ్' అందురు. అతిథికి బెట్టదగిన భాగమది. మన యింట గిన్నె యడుగున మాడిన యన్నము గీకి తిను పిల్లలను గసరుదుము గదా! మా యమ్మకు ఫోనులో జెప్పగా, "మాడు పెట్టిన యామె నిన్ను గౌరవించినదన్న మాట" యని చాలసేపు నవ్వెను.

మన మాటలాడు మాటలలో బజారు, రోజు, గులాబి, దరఖాస్తు వంటివి యామెకు వినగనే దెలిసెను. అవి పారసీకపు మాటలు; గోలకొండ నవాబుల కాలమునాటి రాజ్యవ్యవహారములతో మన భాషలో స్థిరపడినవి. వారి సంవత్సరాది వసంత విషువత్తునాడు, మార్చి నెల యిరువదవ తేదీ ప్రాంతమున వచ్చును. మొలకెత్తిన గోధుమనారు, ఆపిలుపండు, వెల్లుల్లి, సిర్కా మొదలుగా వారి భాషలో 'స' కారముతో మొదలగు ఏడు వస్తువులను బల్లపై నమర్తురు. ఆ పిమ్మట గొన్ని దినములకే మన యుగాది వచ్చినది. ఆఱు రుచుల పచ్చడి చేసి యిచ్చితిమి. వేపపూవు దొరకక కాకరకాయ ముక్కతో సరిపుచ్చితిమి. ఎవరికిని భేదము దెలియలేదు, మాకు దప్ప.

నైజీరియా చెలి మా గోంగూరపచ్చడి సీసా మూత తీసి వాసన చూచి, "ఇది మా మొక్కయే!" యనెను. గోంగూరజాతి మొక్క యెఱ్ఱని పుష్పకోశముల నెండబెట్టి, నీటిలో గాచి, అల్లము చేర్చి, 'జోబో' యను పానీయము చేయుదురట. మనము ఆకు దిని కాయ పాఱవేయుదుము. వారు కాయపై దొప్పను ద్రాగుదురు. బెండకాయ జిగురును మనము పులుసులో విఱుగగొట్టుదుము. వారు జిగురు సాగుటయే రుచి యందురు.

ఇంతవఱకు విన్నవారికి మా కాపురము పండుగవలె దోచవచ్చును. కాని సంగతి యట్లు గాదు.

మూకుడు

మేము శాకాహారుల యింట బుట్టినవారము. ప్రయాణమునాడు మా యమ్మ పెట్టెలో నొక చిన్న యినుప మూకుడు సర్ది, "పోపు దీనిలోనే వేసికో తల్లీ, మీ అమ్మమ్మ వాడినది" అనెను. మూడవ నెలలో నొకనాటి సాయంకాలము తరగతినుండి వచ్చునప్పటికి నైజీరియా చెలి యా మూకుటిలో నెండుచేపలు వేయించుచుండెను. తన బాండీని వేఱొకరు వాడుచుండగా, ఎదురుగా గనబడినదానిని దీసికొన్నది. అంతకుమించి యామె తప్పేమియు లేదు. మా పాత్రలసంగతి యామెకు మే మెన్నడును జెప్పియుండలేదు.

మాకు నోట మాట రాలేదు. ఆమె దించినవెంటనే మూకుడు లాగికొని, మరుగునీళ్లు పోసి మూడుమార్లు తోమి, గదిలో బెట్టి తాళము వేసితిమి. అంతటితో నూరకుండక "మా పాత్రల నెవరును ముట్టరాదు" అని పెద్దయక్షరములతో వ్రాసి మా యలమరకు అంటించితిమి.

ఆ రాత్రి యామె మా తలుపు తట్టెను. "ఒక్క మాట యడిగి పోయెదను. పోయినవారము జర్మను చెలి నీ గిన్నెలో గ్రుడ్లు ఉడికించినది. నీవు చూచి నవ్వి యూరకుంటివి. నేను ముట్టినప్పుడే యీ కాగితమేల వచ్చినది?"

"గ్రుడ్డు వేఱు, చేప వేఱు" అంటిమి.

"సరే" యని యామె వెళ్లిపోయెను. ఆమె గొంతులో గోపము లేదు. ఇట్టి జవాబు లంతకుముందు పెక్కు విన్నవారి గొంతు అది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. గ్రుడ్డు వేఱు, చేప వేఱు, నిజమే. కాని మా యింట గ్రుడ్డును రానీయరు. అప్పుడు నవ్విన మేము ఇప్పుడేల నవ్వలేదు? చిన్ననాటినుండి మేనిరంగునుగూర్చి మన యిండ్లలో వినబడు మాటలు, పెండ్లి ప్రకటనలలో 'చామనచాయ' యని సర్దిచెప్పుకొను మాటలు, బంధువుల యింట నల్లపిల్ల పుట్టినప్పటి నిట్టూర్పులు - అవియన్నియు మా పెట్టెలో మూకుటితో గూడ సముద్రము దాటి వచ్చినవి. మా పేరు చూచి జవాబియ్యనివారిని దిట్టుకొన్నది మేమే. కాగిత మంటించినదియు మేమే. ఇంత తోచినను, మఱునాడు కాగితము తీయుటకు జెయ్యి రాలేదు. రెండువారములు ఆమెతో మాటలు లేవు.

వేరుసెనగ

జర్మను చెలికి వేరుసెనగ పడదు. మొదటివారముననే యామె మాకు జెప్పినది. తన మిక్సీగిన్నెలో, తాను కూరలు తఱుగు పలకపై నవి తగులరాదని కోరినది. మేము తల యూచితిమి. మనసులో మాత్రము, పడకపోవుటయేమి, దురదయో దద్దురో కాబోలుననుకొంటిమి. వేరుసెనగ లేని వంటయిల్లు మన కూహకందునా?

ఒకనాటి రాత్రి మా మిక్సీ చెడిపోగా ఆమె గిన్నెలోనే వేరుసెనగపచ్చడి నూఱి, నీళ్లతో దొలిచి, యథాస్థానమున బెట్టితిమి. మఱునాటి యుదయ మామె యందులో అరటిపండును బాలును గొట్టుకొని త్రాగెను. కొన్ని నిముషములలో పెదవులు వాచెను, ముఖ మెఱ్ఱబాఱెను, ఊపిరి యీలవేయసాగెను. మేము గిన్నెనే చూచుచు గొయ్యవలె నిలుచుండిపోతిమి. నైజీరియా చెలి పరుగున వచ్చి, జర్మను చెలి సంచిలోని ఎడ్రినలిను సూదిని దీసి, ఆమె తొడమీద నొత్తి పట్టి, ఇరాను చెలిచేత 112కు ఫోను చేయించి, "ఏమి తిన్నది?" యని మమ్మడిగెను. చెప్పితిమి. ఆమె మమ్మొక్క మాట యనలేదు. వైద్యులు వచ్చి ఆసుపత్రికి గొనిపోయి, ఒక రాత్రి యంతయు గనిపెట్టియుండి, మఱునాడు పంపిరి.

సూది యెక్కడనున్నదో, ఎట్లు పొడువవలెనో నైజీరియా చెలికి దెలియును. ఏలయన మొదటివారమున జర్మను చెలి చెప్పినప్పుడు ఆమె వినినది. మేము తల యూచితిమి.

ఇంటికి వచ్చిన జర్మను చెలి కాళ్లు పట్టుకొన్నంత పని చేసితిమి. ఆమె, "నాపై నీకు ద్వేషము లేదని నే నెఱుగుదును. కాని నేను చెప్పినప్పుడు నీవు వినలేదు" అనెను. ఆ సాయంకాలమే నైజీరియా చెలి తలుపు తట్టి, కాగితము చింపి యామె చేతిలో బెట్టి, "నీవు ఆ రాత్రి యడిగినదానికి నేను చెప్పిన జవాబు నిజము గాదు" అంటిమి. ఆమె చాలసేపు ఊరకుండి, "నిజము గాదని నాకప్పుడే తెలియును" అని లోపలికి రమ్మనెను. వెంటనే సఖ్యత కలిగినదని చెప్పుట అబద్ధమగును. కొన్ని నెలలు పట్టినది.

తలుపుమీది కాగితము

ఆ యాదివారము జర్మను చెలి యొక తెల్లకాగితము దెచ్చి, "మనలో నొక్కొక్కరు తమకు ముఖ్యమైనది వ్రాయుడు. ఎందుకని యెవరు నడుగరాదు" అనెను. తాను వేరుసెనగ మాట వ్రాసెను. ఇరాను చెలి, తన గిన్నెలకు పందిమాంసము తగులరాదనియు, తన దేశపు వార్తలనుగూర్చి భోజనమువేళ దన్నడుగరాదనియు వ్రాసెను. నైజీరియా చెలి, తన జుట్టును ఎవరును వింతగా ముట్టి చూడరాదనియు, తనపై ఫిర్యాదున్నచో కాగిత మంటింపక తలుపు తట్టవలెననియు వ్రాసెను. మేము, ఒక మూకుడు, రెండు గిన్నెలు, ఒక గరిటె - వీనిలో మాంసము, చేప, గ్రుడ్డు కూడ వండరాదని వ్రాసితిమి. 'గ్రుడ్డు కూడ' అను మాట చదివి నైజీరియా చెలి మావైపు జూచి చిఱునవ్వు నవ్వెను. మా మిక్సీ బాగైన తరువాతను వేరుసెనగ యా వంటయింట నడుగుపెట్టలేదు.

ఆ కాగితము వ్రాసిననాటినుండి మాకొక సంగతి బోధపడినది. ఒకరి మడి యింకొకరికి చాదస్తముగా దోచును. ఒకరి జబ్బు యింకొకరికి నెపముగా దోచును. కారణ మర్థమైన పిమ్మటనే గౌరవింతుమనుకొన్నచో కాపురము సాగదు. ముందు గౌరవించిన యెడల అర్థము కాలక్రమమున దానంతట వచ్చును.

ఖాళీసీసాలకు వచ్చు ధరావతు సొమ్ము నొక డబ్బాలో వేసి, దానితో శనివారము కూరలు కొని, ఆదివారము రాత్రి నలుగురము గలిసి భోజనము చేయుట నాడు మొదలుపెట్టితిమి. ఇటువంటి యాదివారపు విందునుండియే యొక గొప్ప సంస్థ పుట్టినదని తరువాత జదివితిమి. 1909లో న్యూయార్కు నగరమున హారీ ఎడ్మండ్సు అను నాయన కొలంబియా విశ్వవిద్యాలయపు గ్రంథాలయము మెట్లమీద నొక చీనా విద్యార్థిని బలుకరించెనట. తా నా నగరమునకు వచ్చి మూడువారములైనదనియు, తన్ను బలుకరించిన మొదటి మనిషి మీరేయనియు నా విద్యార్థి చెప్పెను. ఇంటికి వచ్చి యీ మాట భార్యతో జెప్పగా, ఆమె యూరకుండక ఏమైన జేయవలెననెను. అప్పటినుండి యా దంపతులు పరదేశపు విద్యార్థులను ఆదివారము తమ యింటికి బిలిచి భోజనము బెట్టసాగిరి. ఆ విందులే పెరిగి పెరిగి, రాక్‌ఫెల్లరుగారి ధనసహాయముతో 1924లో న్యూయార్కున అంతర్జాతీయ విద్యార్థి గృహముగా వెలసినవి. ఒక యిల్లాలు భర్త చెప్పిన మాటను విని విడిచిపెట్టనందువలన గలిగిన ఫలమది.

తల్లులకు గొన్ని మాటలు

ఇక బిడ్డలను బంపువారికి బనికివచ్చు సంగతులు గొన్ని. జర్మనీకి బోవు విద్యార్థి తన యేడాది ఖర్చునకు సరిపడు సొమ్మును ముందుగనే ప్రత్యేకఖాతాలో వేసి చూపవలెను. 2024 సెప్టెంబరునుండి యీ సొమ్ము 11,904 యూరోలుగా, అనగా నెలకు 992 యూరోలుగా నిర్ణయింపబడినది. ఇందులో పెద్దభాగ మద్దెకే పోవును. గదినిగాని గది యిచ్చువారినిగాని చూడకమునుపే ధరావతు పంపుమనువారిని నమ్మరాదు. ఇట్టి మోసములు మెండు. అచ్చటి చట్టముచొప్పున ధరావతు మూడునెలల వట్టి యద్దెకు మించరాదు. దానిని మూడు వాయిదాలలో జెల్లింపవచ్చును. వట్టి యద్దె యనగా నీరు, వెచ్చదనము మొదలగు ఖర్చులు చేరనిది.

ఒప్పందపు కాగితముమీద నెవరి పేరున్నదో చూచుకొనవలెను. నలుగురును గలిసి సంతకము చేసినచో, ఒకరు అద్దె యెగవేసినను తక్కినవారిని మొత్తమంతయు నడుగు హక్కు యజమానికి గలదు. ప్రవేశించిన రెండువారములలో నగర కార్యాలయమున జిరునామా నమోదు చేసికొనవలెను. దానికి యింటి యజమాని యిచ్చు ధ్రువపత్రము గావలెను. ఆకాశవాణి, టెలివిజనుల పన్ను తలకు గాదు, వాటా కొకటియే, అందఱు పంచుకొనవచ్చును. ఇతరుల వస్తువులు మనవలన జెడినప్పుడు నష్టమిచ్చు భీమా చవుకగా దొరకును, తప్పక చేయవలెను.

అన్నిటికంటె ముఖ్యము, గదిలో నడుగుపెట్టిన దినముననే గోడలు, కిటికీలు, పొయ్యి మొదలగువాని ఛాయాచిత్రములు దీసి, యజమానితో గలిసి వ్రాతపట్టిక చేసికొనుట. మేమట్లు చేయలేదు. మేము రాకమునుపే యున్న బూజునకు గూడ మా ధరావతునుండి సొమ్ము తగ్గించిరి. కొంత మా యావిరి పాపమే గనుక గట్టిగా వాదింపలేకపోతిమి.

వీనికంటె బెద్దవి యింటిలోనే నేర్పవలసినవి. కొడుకైనను కూతురైనను అన్నము వండుట, తిన్న గిన్నె తోముట, మరుగుదొడ్డి కడుగుట నేర్చి పోవలెను. కావలెనన్నచో కావలెననియు, వద్దన్నచో వద్దనియు జెప్పుట నేర్వవలెను. ఎదుటివారు చెప్పునప్పుడు తల యూచుట కాక, చెవి యొగ్గుట నేర్వవలెను. తప్పు చేసినచో క్షమాపణ చెప్పుట, దానివెంట "కాని" యను మాట చేర్పకుండుట నేర్వవలెను. పచ్చళ్లసీసాలు రెండు తగ్గినను ఫరవాలేదు గాని యివి తగ్గరాదు.

రెండేండ్లు నిండి వాటా ఖాళీచేయునాడు నలుగురము గోడలకు సున్నము వేసి, పొయ్యి తోమి, తలుపుమీది కాగితము దీసితిమి. దాని నెవ రుంచుకొనవలెనో తేలక, చివరకు జర్మను చెలియే యుంచుకొన్నది. చీటీలన్న నామెకే ప్రీతి గదా! మూకుడు మేము నైజీరియా చెలికి ఇచ్చితిమి. ఆమె మొదట వలదనెను. మూడుసారులు వలదనగా, నాలుగవసారి యిరాను చెలి దానిని దీసి యామె పెట్టెలో బెట్టెను.

ఊరికి వచ్చిన తరువాత మా యమ్మ పెట్టె సర్దుచు మూకుడేదని యడిగెను. ఇచ్చివేసితిమని, ఎవరికో, ఎందుకో చెప్పితిమి. చేపలమాట గూడ చెప్పితిమి. ఆమె కొంతసే పేమియు ననక, "ఆ పిల్లకు పోపు వేయుట నేర్పితివా?" యని మాత్ర మడిగెను. నేర్పితిమి. నేటికిని ఆమె యప్పుడప్పుడు మూకుడు ఛాయాచిత్రము పంపుచుండును. ఒకమారు అందులో అరటికాయ వేపుడుండును, ఒకమారు చేపలుండును. రెండును చూచి సంతోషింతుము.